గుంట లేని బొమ్మ

(మా ఊరి గ్రంథాలయంలో నెలనెలా జరిగే ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు చేసింది విని రాసుకున్నాం. కరెంటు పోయినప్పుడు నడిచిన కబుర్లు మాత్రం వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే, ఈ మైకుని నమ్ముకుని లాభం లేదు, నేనే గొంతు పెంచుతాను.

రెండు నెలల కిందట మా అన్నయ్య కొడుకు హ్యూస్టన్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కింద ఒకే ఒక్క ముక్క: "బాబాయ్, ఇది కొనచ్చా?" వాడు అప్పటికి ఇళ్లు చూస్తున్నాడు కదా, ఏదో ఇల్లనుకుని తెరిచాను. తీరా చూస్తే మట్టి బొమ్మ. (నవ్వులు)

జానెడు పైచిలుకు ఉంటుంది. కాళ్లు ఎడంగా చాపుకుని కూర్చున్న పసివాడు. ఉబ్బిన బుగ్గలు, చాకుతో గీసినట్టు సన్నటి కళ్లు, నెత్తికి అంటుకుపోయిన టోపీలాంటిది ఒకటి. మూతి చూడాలండీ. రెండు మూలలూ కిందికి జారి ఉన్నాయి. ఇంజక్షన్ సూది చూసిన పిల్లాడు ఏడుపుకి ముందు మూతి పెడతాడే, అచ్చంగా అది. ఒంటినిండా తెల్లటి పూత, పూత పగిలినచోట మన్ను.

బొమ్మ పక్కన అమ్మేవాళ్లు రాసింది చదువుతాను. "ఓల్మెక్ టెర్రకోట. లాస్ బోకాస్ శైలి. క్రీ.పూ. 1200–900. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష సర్టిఫికెట్ ఉంది. పాత కాలిఫోర్నియా కలెక్షన్ నుంచి, 1970కి ముందు సేకరించినది." ధర మా వాడి రెండు నెలల జీతం. వాడి జీతం ఎంతో నాకు చెప్పడు కాబట్టి మీకూ చెప్పలేను.

పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన వివరాల కాగితంలో ఒక్కో ముక్కా పట్టుకుని లాగుతాం కదా, అలా ఈ ఐదు ముక్కలూ లాగాను. ఇవాళ మీతో చెప్పేది అదే.

మొదటి ముక్క ఓల్మెక్. మెక్సికోలో ఒక పాతకాలపు జనానికి మనం వాడే పేరు. మెక్సికో పటంలో తూర్పు వైపు సముద్రం లోపలికి వంపు తిరిగేచోట వెరాక్రూజ్, టబాస్కో రాష్ట్రాలున్నాయి. చిత్తడి నేలలు, పెద్ద ఏళ్లు, ఏడాదికోసారి వరదలు. మన లంకల్లో పుట్టినవాడికి కొత్తగా ఉండదు. అక్కడ సాన్ లోరెంజో అనే చోట క్రీ.పూ. 1200 నాటికే పెద్ద ఊరుంది. అది సద్దుమణిగాక లా వెంటా వచ్చింది, క్రీ.పూ. 400 దాకా సాగింది. ఆ తర్వాతి జాతులైన మాయాల పెద్ద పిరమిడ్లకీ, అజ్‌టెక్‌ల రాజధానికీ ఇదంతా చాలా ముందు మాట. వీళ్లు చెక్కిన రాతి తలకాయలు ఇప్పటిదాకా పదిహేడు దొరికాయి. కొన్ని ఇరవై టన్నులు దాటతాయి. ఆ రాయి అక్కడిది కాదు, తుస్‌త్లా కొండల నుంచి తెచ్చారు. చక్రాల బండి లేదు, ఎద్దు లేదు.

ఇంతకీ వాళ్ల పేరు ఓల్మెక్ కాదు. అది అజ్‌టెక్ భాషలో "రబ్బరు సీమవాళ్లు" అని, రెండువేల ఏళ్ల తర్వాత ఆ తీరంలో ఉన్న వేరే జనానికి పెట్టిన పేరు. 1920లలో పండితులు దాన్ని తెచ్చి ఈ పాతవాళ్లకి తగిలించారు. చిత్రమేమిటంటే పేరు అరువుదే అయినా అతికింది. ఎల్ మనాతీ అనే ఊట దగ్గర బురదలో వీళ్ల కాలం నాటి రబ్బరు బంతులే బయటపడ్డాయి. బురద గాలి సోకనివ్వదు కనుక రబ్బరూ, చెక్క విగ్రహాలూ మూడువేల ఏళ్లకి పైగా నిలిచాయి. పక్కనే పసిపిల్లల ఎముకలు కూడా దొరికాయి. ఆ ఏడుపు మూతి బొమ్మల సంగతి మాట్లాడేటప్పుడు ఈ ఎముకలు గుర్తుంచుకోండి. ఇంతకన్నా నేను లాగను, పిల్లలున్నారు ఇక్కడ.

రెండో ముక్క లాస్ బోకాస్. ఇది ఓల్మెక్ సీమలో లేదు. పశ్చిమాన కొండలెక్కి ప్యూబ్లా రాష్ట్రంలోకి వెళ్లాలి. 1960లలో ఆ ఊరి చుట్టుపక్కల గునపాలు పడ్డాయి. శాస్త్రజ్ఞులవి కావు, మన భాషలో చెప్పాలంటే గుప్తనిధుల వాళ్లవి. అక్కడి నుంచి లోపల బోలుగా ఉండే తెల్లటి గుల్ల బొమ్మలు న్యూయార్క్ అంగళ్లకి చేరాయి. పేరు పండింది. ఒకసారి పేరు పండాక ఏమవుతుందో బందరు లడ్డు తిన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎక్కడ చేసినా బందరు లడ్డే. అలాగే ఎక్కడ తవ్విందైనా, ఏ పెరట్లో చేసిందైనా, "లాస్ బోకాస్ శైలి". శైలి అన్న మాట గమనించండి. ఊరు పేరు చెప్పినట్టే ఉంటుంది, చెప్పదు.

అంతకుముందు త్లాతిల్కో కథ ఒకటుంది. మెక్సికో నగరం అంచున ఇటుక బట్టీలవాళ్లు మట్టి తవ్వుతుంటే బొమ్మలు రాసాగాయి. మిగేల్ కొవారూబియాస్ అని చిత్రకారుడు, వాళ్ల దగ్గర బొమ్మలు కొనేవాడు. కొని ఊరుకోలేదు, 1942లో అక్కడ పద్ధతి ప్రకారం తవ్వకం మొదలుపెట్టించాడు. వందల సమాధులు బయటపడ్డాయి. అయితే బట్టీల్లో ఇటుకై కాలిపోయిన మట్టిలో ఏమేం పోయాయో!

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. ఇలాంటి గుల్ల పిల్లాడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాడు. ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు. ఒక చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని వేలు చీకుతున్నట్టుంటాడు. ఒంటి మీద జేగురు, ఇంగిలీకం జాడలున్నాయి. బాగా బొద్దుగా చేశాడండీ, చేసినవాడెవడో. తొడ మడతలు చూస్తే మన ఇంట్లో నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకునే పిల్లాడే. కానీ ఆడపిల్లా మగపిల్లాడా తెలియదు, ఆ భాగం చెయ్యలేదు. దేవుడా, దేవుడికిచ్చిన పిల్లాడా, పుట్టబోయే రాజా? తలా ఒకటి చెప్పారు. ఎందుకు తేలలేదంటే, నిండుగా ఉన్న బొమ్మల్లో చాలామటుకు అంగళ్లలోంచి వచ్చినవి. ఎక్కడ ఏ స్థితిలో ఉన్నాయో తవ్వినవాడికి తెలుసు, వాడు చెప్పడు.

సక్రమంగా తవ్వినప్పుడు దొరికింది చాలా తక్కువ. 1992లో వహాకా రాష్ట్రంలో ఎట్లాటోంగో అనే చోట జెఫ్రీ బ్లామ్‌స్టర్ తవ్వితే ఒక గుంటలో పెంకుల మధ్య ఒక గుల్ల పిల్లాడు దొరికాడు. విరిగినవాడే. అంగట్లో వాడికి ధర పలకదు. అయినా వాడు సమాధిలో లేడు, పెంకుల్లో ఉన్నాడన్న ఒక్క సంగతి, అద్దాల బీరువాల్లో కూర్చున్న పిల్లలందరూ కలిసి చెప్పలేని సంగతి.

గుంట ఏం చెబుతుందో చూపించడానికి ఒక్కటి కాస్త నిదానంగా చెబుతాను. ఇది మట్టి బొమ్మల కథ కాదు, రాతి బొమ్మలది.

1955లో లా వెంటాలో ఒక ఆవరణ నేల కింద తవ్వుతుంటే పదహారు బొమ్మలు కనపడ్డాయి. అన్నీ నిలబడి ఉన్నాయి, పాతిపెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. వాటి వెనక ఆరు పచ్చరాతి పలకలు, గొడ్డలి ఆకారంవి, వరసగా నిలబెట్టారు. పదిహేను బొమ్మలు నున్నటి పచ్చరాళ్లవి. ఒక్కటి మాత్రం గరుకు రాయి. ఆ గరుకు మనిషి పలకలకి వీపు ఆనించి నిలబడ్డాడు, మిగతావాళ్లు చుట్టూ చేరారు. పంచాయతీ అనుకోండి, పట్టాభిషేకం అనుకోండి, శిక్ష వేస్తున్నారనుకోండి. ఒక ఘట్టం మధ్యలో ఆగిపోయింది.

అసలు సంగతి ఇంకా ఉంది. వీటిని పూడ్చి, పైన రంగురంగుల మట్టితో నేలలు వేశారు. కొంతకాలం పోయాక ఎవరో వచ్చి, ఆ నేలల్ని కోసుకుంటూ సరిగ్గా వీటి నెత్తి మీదికే గుంట తవ్వారు. తలలు కనపడేదాకా దిగారు. చూశారు. ఒక్కటి కూడా తియ్యలేదు. మళ్లీ పూడ్చేశారు. మట్టి పొరల్లో ఆ గుంట గీత స్పష్టంగా ఉంది కాబట్టి ఇది తెలిసింది. అంటే ఎక్కడున్నాయో వాళ్లకి గుర్తుంది. పెద్దవాళ్లు చెప్పారో, గుర్తు పెట్టారో. "ఉన్నాయా లేదా" అని ఒకసారి తొంగి చూసి వెళ్లిపోయారు.

ఇదే పదహారు బొమ్మలు రాత్రిపూట గునపంవాడికి దొరికితే? పదహారు వేరువేరు ఇళ్లకి పోతాయి. "పచ్చరాతి నిలువు బొమ్మ, ఓల్మెక్" అని పదహారు చీటీలు. గరుకు రాయిది చవగ్గా పోయుండేది. తొంగి చూసిన మనిషైతే చరిత్రలోనే ఉండడు.

(సభలోంచి ఒకరు: మరి మాస్టారూ, మీ వాడి బొమ్మ అసలుదేనా?)

వస్తున్నానండీ, సర్టిఫికెట్ దగ్గరికే వస్తున్నాను. థర్మోల్యూమినిసెన్స్. పేరు పెద్దది, సంగతి చిన్నది. మట్టిలో ఇసక రేణువులుంటాయి. ఒక్కో రేణువు ఒక హుండీ అనుకోండి. భూమిలో సహజంగా ఉండే రేడియో ధార్మికత రోజూ ఆ హుండీలో కాస్త కాస్త శక్తి వేస్తూ పోతుంది. కుమ్మరి ఆవంలో కాల్చినప్పుడు వేడికి హుండీ మొత్తం ఖాళీ అయిపోతుంది. చల్లారిన రోజు నుంచి మళ్లీ నిండడం మొదలు. ఇప్పుడు బొమ్మ కింద సన్న బరమాతో చిటికెడు పొడి తీసి వేడిచేస్తే, నిండినదంతా వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగుని కొలిచి, కాలి ఎన్నేళ్లయిందో లెక్కేస్తారు. మంచి పరీక్ష. నిన్న కాల్చినదాన్నీ మూడువేల ఏళ్ల కిందట కాల్చినదాన్నీ విడదీస్తుంది.

అయితే పొడి ఎక్కణ్నుంచి తీశారు? పాదం పాతది, తల కొత్తది కావచ్చు. నాలుగు పాత ముక్కలు దొరికితే మిగతాది అతికి నిండు పిల్లాణ్ని చేసే చేతులున్నాయి. ఇంకోటి, ఎక్స్‌రేలు గట్టిగా పట్టిస్తే హుండీ ఒక్క పూటలో నిండుతుంది. ఏళ్ల తరబడి చిల్లర వెయ్యక్కర్లేదు, ఒకేసారి నోట్ల కట్ట.

చేతులంటే బ్రిహిదో లారా చేతులు చెప్పాలి. వెరాక్రూజ్ మనిషి. 1974లో ఇతన్నీ ఇంకొందరినీ పట్టుకున్నారు, పురాతన వస్తువులు తవ్వి అమ్ముతున్నారని. నిపుణులు వచ్చి చూసి, అవి అసలైన పాతవేనని చెప్పారు. లారా మొత్తుకున్నాడు, బాబూ ఇవి పాతవి కావు, నేను చేసినవి అని. ఎవరు నమ్ముతారు? జైల్లోకి మట్టి తెప్పించమన్నాడు. గదిలో కూర్చుని అలాంటివే చేసిచ్చాడు. వాటినీ నిపుణులకి చూపిస్తే, అవీ పాతవేనన్నారు! (పెద్దగా నవ్వులు) 1975లో వదిలేశారు. దొంగ కాదని రుజువు చేసుకోవడానికి, పాతకాలపు శిల్పి అంతవాణ్నని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత వెరాక్రూజ్‌లోని హలాపా మ్యూజియం అతన్నే పనిలో పెట్టుకుంది, విరిగిన బొమ్మలు బాగుచెయ్యడానికీ దొంగ బొమ్మలు పట్టుకోవడానికీ. తన జీవితంలో వేలకివేలు చేశానని చెప్పుకున్నాడు. అమెరికాలో పెద్దపెద్ద మ్యూజియంల బొమ్మలు కొన్ని చూసి "ఇది నాదే" అన్నాడు.

నాకు లారా మీద కోపం రాదు. మట్టి ఎక్కడిదో, ఎలా తొక్కాలో, ఎంత మంట కావాలో, పాతవాళ్ల విద్య మళ్లీ పట్టుకున్నాడు. అతని దగ్గర కొని, పక్కన "క్రీస్తుశకం ఫలానా" అని చీటీ అంటించినవాడి మీద వస్తుంది.

2013లో పారిస్‌లో సోథెబీస్ వేలం పెట్టినప్పుడు మెక్సికో పురావస్తు సంస్థ జాబితా తిరగేసింది. మెక్సికోవని చెప్పిన 130 వస్తువుల్లో 79 ఈమధ్య చేసిన చేతిపనులేనని ప్రకటించింది. ప్రపంచంలో పెద్ద వేలంశాలల్లో ఒకటి, అద్దాల గది, రంగుల కేటలాగు. అక్కడే ఆ లెక్క.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. మా వీధి చివర కుండలు చేసే పెద్దాయన ఉన్నాడు. ఆయనకి ఫొటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "లోపల గుల్లేనా మాస్టారూ? అయితే గాలిబొక్క ఏదీ?" అన్నాడు. గుల్ల బొమ్మకి ఎక్కడో ఒక బొక్క ఉండాలి, లేకపోతే కాలేటప్పుడు లోపలి తేమ పోయే దారిలేక పగులుతుంది. మూడువేల ఏళ్ల కిందటైనా అంతే, మొన్నైనా అంతే. మావాడికి చెబితే, అమ్మేవాళ్లని అడిగి అడుగు భాగం ఫొటో తెప్పించాడు. బొక్క ఉంది. పెద్దాయన దాన్ని పెద్దది చేసి చూసి, "పైన పగుళ్లలో ఇంత మన్నుంది, బొక్క అంచు మాత్రం కడిగిన గిన్నెలా ఉందేంటి?" అన్నాడు. భూమిలో ఉన్న గుల్ల వస్తువులోకి ముందు దూరేది మన్నూ, గడ్డివేళ్లూ కదా. ఎవరైనా శుభ్రం చేసి ఉండొచ్చు. పైన మన్ను పులిమి కింద మరిచిపోయీ ఉండొచ్చు. ఫొటో చూసి తేల్చేంత మొనగాణ్ని కాదు నేను.

కానీ మావాడితో ఒకటి చెప్పాను. ఒరేయ్, దొంగ బొమ్మ అయితే నీ డబ్బులే పోతాయి. అసలుదైతేనే కంగారు పడాలి. సర్టిఫికెట్ ఎప్పుడు కాల్చారో చెబుతుంది, ఎవడు తవ్వాడో చెప్పదు. దొంగిలించిన అసలు బొమ్మ ఆ పరీక్షలో ఫస్టుక్లాసులో పాసవుతుంది.

అందుకే చివరి ముక్క, "1970కి ముందు". ఇది మంత్రం లాంటిదండీ, ఈ వ్యాపారంలో. 1970 నవంబరులో యునెస్కో ఒప్పందం వచ్చింది, దొంగ సాంస్కృతిక వస్తువుల రవాణా ఆపాలని. అప్పట్నుంచి మ్యూజియంలు ఆ ఏడాదిని గీతగా పెట్టుకున్నాయి. గీతకి అవతల ఉంటే పవిత్రం. మెక్సికో లెక్క వేరు. పురాతన వస్తువుల ఎగుమతిని వాళ్లు 1827లోనే నిషేధించారు. పురాతన కట్టడాలు దేశం సొత్తని 1897లో చట్టం చేశారు. 1972 చట్టంతో స్పెయిన్‌వాళ్లు రాకముందు కాలం నాటి ప్రతి వస్తువూ దేశానిదే అయింది, అమ్మడానికి లేదు, సరిహద్దు దాటించడానికి లేదు. అదే 1972లో అమెరికా కూడా ఒక చట్టం చేసింది, కానీ రాతి శిల్పాలకీ గోడ చిత్రాలకీ మాత్రమే. చంకలో పెట్టుకుపోయే మట్టి బొమ్మ అందులో లేదు. 1970ల చివర్లో మెక్‌క్లెయిన్ కేసులో అమెరికా కోర్టు, ఒక దేశం తన సొత్తని స్పష్టంగా చట్టం చేశాక బయటికి తెస్తే అది దొంగసొత్తు కిందికి రావచ్చని చెప్పింది. అప్పట్నుంచే ఆ "1970కి ముందు"కి గిరాకీ మరీ పెరిగింది. కాగితం మీద రాసేది కదా, ఏడాది ఏదైనా రాయొచ్చు.

రాయొచ్చని ఎలా అంటున్నాను? దూరం పోనక్కర్లేదు, దొనకొండ దగ్గర చందవరం పోదాం. మన బౌద్ధ క్షేత్రం. అక్కడి సున్నపురాతి ఫలకం, బుద్ధుణ్ని కొలిచే భక్తులది, మూడో శతాబ్దం నాటిది, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. న్యూయార్క్ వ్యాపారి ఇచ్చిన కాగితాల్లో, ఎవరో 1960లలోనే హాంగ్‌కాంగ్‌లో కొన్నట్టు రాసి ఉంది. చందవరం ఎక్కడ, హాంగ్‌కాంగ్ ఎక్కడ! తీరా ఆ గ్యాలరీవాళ్లే విచారిస్తే కథ నిలబడలేదు, 2016లో మనకి తిరిగిచ్చారు. గుప్తనిధులని గుళ్ల గర్భాలయాలు తవ్వే ముఠాల వార్త మన పేపర్లో చదివి పేజీ తిప్పేస్తాం. తవ్విన తర్వాత రెండో అంకం ఇలా ఉంటుంది.

మెక్సికోవాళ్లవీ తిరిగొస్తున్నాయి. అక్కడి మొరేలోస్ రాష్ట్రంలో చల్కట్సింగో అని కొండ పక్క క్షేత్రం ఉంది. అక్కడి భూరాక్షసి నోరు, మనిషి ఎత్తు రాతి శిల్పం, టన్ను బరువు. 1960లలో ముక్కలు చేసి పట్టుకుపోయారు. 2023లో డెన్వర్‌లో దొరికి ఇంటికొచ్చింది. లాస్ లిమాస్ విగ్రహం కథ ఇంకా బాగుంటుంది. 1965లో ఇద్దరు పిల్లలు నేలలోంచి పొడుచుకొచ్చిన నున్నటి రాయి మీద తాటిజాతి గింజలు కొట్టుకుందామని కూర్చున్నారు. కొడుతూ చూస్తే రాయికి కళ్లున్నాయి. ఒళ్లో బిడ్డనెత్తుకుని కూర్చున్న కుర్రాడి పచ్చరాతి విగ్రహం, అరవై కిలోలు. ఊరివాళ్లు ఇంట్లో పెట్టుకుని అమ్మవారిలా కొలిచారు. తర్వాత హలాపా మ్యూజియంకి చేరింది. 1970లో అక్కణ్నుంచి మాయమై, టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో ఊళ్లో ఒక మోటెల్ గదిలో తేలింది. అంత పేరున్నదాన్ని ఎవరూ కొనలేక వదిలేసి పోయారట. మావాడి ఇంటికి మూడు గంటల ప్రయాణం ఆ ఊరు. చెబితే, "ఏ మోటెల్ బాబాయ్?" అని అడిగాడు. (నవ్వులు)

(సభలోంచి: చివరికి కొన్నాడా, లేదా?)

అమ్మేవాళ్లకి ఉత్తరం రాయించాను. మూడే ప్రశ్నలు: ఏ ఊళ్లో తవ్వారు, మెక్సికో దాటినట్టు కాగితం ఉందా, 1970కి ముందు ఆ కాలిఫోర్నియా ఇంట్లో ఈ బొమ్మ ఉన్నట్టు ఒక్క పాత ఫొటో ఉందా? ఇంట్లో బీరువా మీద ఇలాంటి వస్తువుంటే దాని ముందు నిలబడి ఎవరో ఒకరు ఫొటో దిగకుండా ఉంటారా, మీరే చెప్పండి. జవాబు మర్నాడే వచ్చింది, చాలా మర్యాదగా. పాత యజమానుల వివరాలు గోప్యమట. కావాలంటే ధరలో పది శాతం తగ్గిస్తారట.

పది శాతం అనేసరికి మావాడు మళ్లీ మెత్తబడ్డాడు. "బాబాయ్, షెల్ఫ్‌లో భలే ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుందిరా, కాదనను. రెండు వారాలు వాడూ నేనూ వాదించుకుంటూనే ఉన్నాం. ఈలోపు ఒకరోజు చూస్తే ఆ పేజీలో బొమ్మ లేదు. అమ్ముడుపోయిందని కూడా లేదు, ఉత్త ఖాళీ.

రెండు ఫొటోలూ నా ఫోన్‌లో ఉన్నాయి. టీ వచ్చినట్టుంది, తాగుతూ చూద్దురుగాని. కుండల పెద్దాయన కూడా వెనక కూర్చున్నాడు, గాలిబొక్క సంగతి నన్నడక్కండి, ఆయన్నే అడగండి.